రెండు గదుల కీచురాళ్ళు

ఒకే ఒక్క కీచురాయి పాడుతోంది.
రెక్క మీద రెక్క రాస్తూ... ఆగి... మళ్ళీ రాస్తూ.
చుట్టూ చచ్చిపడి ఉన్నాయి, దాని తోటివన్నీ.

ఒకే తల్లి సంతానం అవన్నీ. పురుగుల మీద పరిశోధన చేసే మా మాస్టారు వాటిని రెండుగా విడదీశారు. సగం వెచ్చటి గదిలో, సగం చల్లటి గదిలో. మేత పెట్టేది, ఇసుక తడిపేది, తలుపులు మూసేది — నేను.

"ఒకరి పాట ఒకరికి వినపడకూడదమ్మా," అనేవారు. "పాటలు వేరైతే జత కట్టవు. జత కట్టకపోతే, ఎన్నాళ్ళకో, రెండు జాతులు."

పద్దెనిమిదేళ్ళు, తరం వెంట తరం.
పాటలు వేరయ్యాయి.
ఒకే వేడిలో పెట్టి విన్నా, ఇవి గబగబా పాడేవి, అవి నింపాదిగా. ఇటు ఆడది అటు పాట వింటే చాలాసార్లు కదిలేదే కాదు.
మాస్టారు పసిపిల్లాడిలా నవ్వేవారు.

ఆ చలికాలం పొద్దున వెచ్చటి గదిలో హీటర్ ఆగిపోయింది. అక్కడి పెట్టెల్లో ఒకదాంట్లో ఒక్క మగదే మిగిలింది. వణుకుతూ పాడుతోంది. నా ప్రాణం ఉసూరుమంది. హీటర్ బాగయ్యేదాకా అనుకుని, దోసిట్లో పట్టుకుని, ఆ పొద్దున దానికన్నా నయంగా ఉన్న చల్లటి గదిలో వదిలాను.

గంట తిరక్కుండా ఒక ఆడది దగ్గరికొచ్చింది.
చెయ్యి పెట్టి విడదీయొచ్చు.
విడదీయలేదు.
చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు వెనక్కి తెద్దామని వెతికితే వందల్లో అదేదో తెలియలేదు.

రెండేళ్ళకి చల్లటి గదిలో పాటలు కలగాపులగం. మాస్టారు చెవి ఒగ్గి విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ విన్నారు.
"విడిగా ఉంచినా పాటలు మళ్ళీ కలిసిపోయాయంటే, నేననుకున్నదే తప్పమ్మా."
నేను తల వంచుకుని ఇసుక తడుపుతూ ఉండిపోయాను.
గదులు మూసేశారు. ఆయన ఇంటిపట్టున ఉండిపోయారు.

నాలుగేళ్ళు ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. నిన్న పొద్దున వెళ్ళి చెప్పేశాను.
తిడతారనుకున్నాను.
తిట్టినా బాగుండేది.

"ఆడది ఒప్పుకుందా?" అన్నారు, ముందుకు వంగి.
"ఒప్పుకుంది మాస్టారూ. నా కళ్ళతో చూశాను."
"అయితే అప్పటికింకా ఒకటే జాతి."
వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు.
"రెండు జాతులయ్యే దగ్గరికొచ్చాం అన్నమాట... పూర్తిగా కాలేదు, అంతే. నేననుకున్నది తప్పు కాదు. తొందరపడ్డాను."
ఆయన మొహంలో ఏదో వెలిగి, అంతలోనే ఆరిపోయింది.

"ఆ మాట నువ్వు అప్పుడే చెప్పి ఉంటే..."


మిగతాది ఆయన అనలేదు.
నేను అడగలేదు.