నునుపు తప్ప మరేమీ తెలియదు

నేను ఒక రాళ్లు నునుపు చేసే యంత్రాన్ని. చూడ్డానికి ఊరగాయ జాడీని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటాను. కింద చిన్న మోటారు, రెండు తిరిగే కడ్డీలు, వాటి మీద దొర్లే రబ్బరు డబ్బా. అందులో రాళ్లు, నీళ్లు, గరుకు పొడి వేసి మూత బిగిస్తే నెల రోజులు రాత్రింబవళ్లు తిరుగుతాను. వారానికోసారి అన్నీ కడిగి, ఇంకా మెత్తటి పొడి వేస్తారు. ఆఖరికి మూత తీసినప్పుడు రాళ్లు ఆరిపోయినా తడిగానే ఉన్నట్టు మెరుస్తాయి. ఎంత ముచ్చటగా ఉంటాయో! ఆ క్షణంలో అందరూ రాళ్లనే చూస్తారు.

హైదరాబాదులో ఓ చిన్న షెడ్డులో పుట్టాను. మొదట కొన్నది కర్నూలులో భూగర్భశాస్త్రం చెప్పే నరహరిగారు. నా మోత పడలేక ఇంట్లోవాళ్లు నన్ను హాల్లోంచి వరండాకి, వరండాలోంచి స్నానాలగదికి సాగనంపారు. మనుషులకు మెరుపు కావాలి, దాని చప్పుడు మాత్రం పక్కింట్లో ఉండాలి. చివరికి ఆయన నన్ను తన శిష్యుడు కేదార్ పెళ్లికి కానుకగా ఇచ్చేశారు.

కేదార్ బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో ఇంజినీరు. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రాక. భార్య వైజయంతిది శ్రీకాకుళం వైపు. ఆ ఊళ్లో ఆమెకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. పక్కింటి ఓబులమ్మ పలకరిస్తే, యాస అందక నవ్వి లోపలికొచ్చేసేది. మధ్యాహ్నాలు ఒక్కతే కూర్చుని అచ్చనగాయలాడేది. ఆ ఐదు రాళ్లూ నాగావళి ఒడ్డున ఐదుగురు స్నేహితురాళ్లు తలా ఒకటి ఏరి ఇచ్చినవి. కళ్లు మూసుకుని మూలలు తడిమి, ఏది ఎవరిదో చెప్పేసేది.

ఆమెను సంతోషపెట్టాలని కేదార్‌కు ఓ ఆలోచన వచ్చింది.

"వైజూ, నీ రాళ్లు ఒక నెల నాకియ్యి. ఎందుకని అడగొద్దు."

"పోయాయంటే ఊరుకోను, ఏటనుకున్నారో!"

"పోతే నన్ను కూడా బయట పారెయ్యి పో."

ఐదే వేస్తే కొట్టుకుని పగులుతాయని, క్వారీలో ఏరిన పలుగురాళ్లతో డబ్బా నింపాడు. శాస్త్రం ప్రకారం అతను చేసిన తప్పేమీ లేదు.

ఆ నెలంతా వైజయంతి తన రాళ్ల కోసం ఎదురుచూస్తూ మధ్యాహ్నాలు నా పక్కనే కూర్చుంది. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ "ఇంకెన్నాళ్లే నీ గోల?" అని నన్నే అడిగేది. అంతకుముందు ఏ మనిషీ నా పక్కన కూర్చోలేదు. ఉత్సాహంగా తిరిగాను. ఆమె స్నేహితురాళ్ల మూలలను లోలోపల అరగదీస్తూ తిరిగాను.

ఆదివారం మూత తీశారు. తేనెరంగుది ఒకటి, పొగరంగుది ఒకటి, లోపల ఎర్రటి చార ఉన్నది ఒకటి... కేదార్ మొహం రాళ్లకంటే ఎక్కువ మెరిసింది.

వైజయంతి ఐదింటినీ ఎగరేసి, చెయ్యి తిప్పి, అరచేతి వెనకవైపు పట్టబోయింది. ఒక్కటీ నిలవలేదు. మంచం కిందికి దొర్లిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ జారిపోయాయి. అప్పుడు కళ్లు మూసుకుని ఒకదాన్ని చాలాసేపు తడిమింది.

"ఇది ఎవరిదో తెలీడం లేదండీ."

"మళ్లా గరుకు పొడి ఏసి తిప్పుతా. మెరుపు పోతుంది."

"మెరుపు పోతాది. మూలలు వస్తాయేటి?"

కేదార్ చెప్పులైనా వేసుకోకుండా పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"ఓబులక్కా, నీకు అచ్చనగాయలు ఆడేకి వచ్చునా?"

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చేటప్పుడు పెరట్లోంచి ఐదు గరుకు రాళ్లు కొంగులో వేసుకొచ్చింది. వైజయంతి ఏరి గాజుగిన్నెలో వేసిన ఐదింటినీ చూసి, "దేవునిముందర పెట్టుకోండి, బాగుంటాయి. ఆటకు పట్టు ఉండాల గదా పాపా," అని నేలమీద చతికిలబడింది. ఆ ఐదూ తీశాక కేదార్ మళ్లీ మూత బిగించడంతో, అప్పటికి నేను మిగతా పలుగురాళ్లతో తిరుగుతున్నాను.

"ముందు ఆ గిరగిర ఆపమ్మా. నువ్వు చెప్పేది ఒక ముక్క ఇనపడల్యా."

స్విచ్చు ఆపింది వైజయంతే. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు అటక మీద ఉన్నాను. రోజూ మధ్యాహ్నం కింద ఇద్దరి మాటలు వినిపిస్తాయి. "దొంగాట, దొంగాట!" అని ఒకరు, "నీ కళ్లే దొంగవి!" అని ఇంకొకరు. ఇంత బాగా వినిపించడం ఇదే మొదటిసారి. తిరిగినన్నాళ్లూ నా మోతలో నాకు ఎవరి మాటా పూర్తిగా వినపడలేదు.