ఎటు తిరిగి పడుకుంటారు?

కొత్తగా కాపురం పెట్టిన జంట పరుపు కావాలని వస్తే, పరుపులాయన ఆ అమ్మాయిని నిలబెట్టి “నువ్వు ఎటు తిరిగి పడుకుంటావమ్మా?” అని అడిగాడట. మొగుడి ముఖం కందగడ్డయిందట. పెళ్ళాం చెయ్యి పట్టుకుని విసవిసా నడిచి, పక్క వీధిలో ఫోము పరుపు కొనేశాడట. ఇదేదీ ఆ వీధిలో ఇస్త్రీ కొట్టావిడ కళ్ళారా చూసింది కాదు. ఎవరో చెబితే విన్నది. అయినా చొక్కాకొక మడత, మడతకొక మాట చేర్చి వీధి మొత్తానికీ అందించింది.

ఆ కథ వీధంతా తిరిగి, చివరికి భార్య నోట పరుపులాయన దగ్గరికి చేరింది.

“అడిగాను. అడక్కుండా ఎలా కుడతారు?” అన్నాడు ఆయన తల ఎత్తకుండా.

“అడిగేదేదో మొగుణ్ణి అడగొచ్చుగా!”

“మొగుడికేం తెలుసు? వాడు ముందే నిద్రపోతాడు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

కొట్టుకు రెండు గదులు. వీధివైపు గది ఆమెది, అక్కడ దిండ్లు కుడతారు. వెనకది ఆయనది, దూది గది. గాలికి దూది లేచిపోతుందని దానికున్న ఒక్క కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. పైకప్పులోని గాజు పలక నుంచి పడే వెలుగులో ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కనుబొమల్లో దూది, చెవుల్లో దూది, చొక్కా మడతల్లో దూది. నెరిసిన జుట్టెక్కడిదాకో, దూది ఎక్కడినుంచో చెప్పడం కష్టం. దబ్బనం నొక్కీ నొక్కీ కుడిచేతి బొటనవేలు మీద చిన్న గుంట పడింది. పురికొస కొరికీ కొరికీ ముందుపన్ను అరిగింది.

ఇవాళ ఆయన ముందున్నది బస్సు డ్రైవరు పరుపు. ఏళ్ళ తరబడి సీట్లో కూర్చుని డ్రైవరు నడుము కూలబడింది. రాత్రి నిద్ర లేదు, పగలు కూర్చోలేడు. ఇలాగే ఉంటే బస్సు మీదనుంచి దింపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. పరుపులాయన అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, నడుము కింద అరచెయ్యి దూర్చి, చెయ్యి ఎంత సులువుగా దూరిందో చూసుకున్నాడు. భుజం దగ్గర, తుంటి దగ్గర నొక్కి చూశాడు. దూది నాలుగు కుప్పలుగా విడదీసి ఏ కుప్ప ఎక్కడికో అప్పుడే మనసులో అనుకున్నాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళమన్నాడు.

ఈ పని మొదట్లో అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టారు. అన్నకు వ్యాపారం పసిగట్టే ముక్కుంది. కొన్నాళ్ళకే ఫోముకు మారిపోయాడు. పొడవూ వెడల్పూ చెబితే కోసి ఇచ్చే పరుపు. పోతూ పోతూ తమ్ముడికి హితవు కూడా చెప్పాడు.

“నీ చెయ్యి బంగారంరా. కానీ నీ పరుపు మీద పడుకున్నవాడు మళ్ళీ మన గుమ్మం తొక్కడు.”

“ఎందుకు తొక్కరూ? ఏడాదికోసారి దూది సర్దించుకోడానికి వస్తున్నారుగా.”

“ఊరికే సర్దుతున్నావుగా!”

అన్నకు ఇప్పుడు మూడు వీధుల్లో కొట్లున్నాయి. తమ్ముణ్ణి ఎక్కడైనా చూస్తే ఆపి టీ ఇప్పిస్తాడు. ఆయన పడుకునేది మాత్రం తమ్ముడు కుట్టిన పరుపు మీదే. ఆ సంగతి కొట్లలో ఎవరికీ తెలియదు.

పరుపులాయన పనివాళ్ళను పెట్టకపోలేదు. వాళ్ళు పగలు కుట్టిన కుట్టు ఆయన సాయంత్రం కూర్చుని విప్పేవాడు. కోప్పడేవాడు కాదు, ఒక్క మాటా అనేవాడు కాదు. విప్పి, తనే మళ్ళీ కుట్టేవాడు. చివరగా పనిచేసినవాడు దండం పెట్టి మరీ వెళ్ళాడు: “మీరు విప్పడానికే అయితే నేను కుట్టడం ఎందుకు బాబాయ్?”

భార్య దారి వేరు. మిగిలిన దూదితో దిండ్లు మొదలుపెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళకు పని నేర్పింది. కుట్టు కాస్త వంకరపోతే “గలీబు తొడిగితే కనపడదులే” అంటుంది. దిండు తొందరగా నలుగుతుంది, మాస్తుంది, జనం మళ్ళీ వస్తారు. కొట్టు నిలబడింది దిండ్ల మీదేనని ఇద్దరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు, మొన్నటి దాకా. మొన్న ఆమె అనేసింది: “లాడ్జి ఆయన పరుపులకని వస్తానన్నాడు. ఈ బేరం కూడా చెడగొట్టావో, వెనక గదిలో దిండ్లు పెట్టేస్తాను. నువ్వింక ఇంట్లో కూర్చో.”

అప్పటినుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు. ఇంట్లో కూర్చుని చేతులు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు.

లాడ్జి యజమాని మధ్యాహ్నానికి వచ్చాడు. లాడ్జిలో ప్రతి గదికీ పరుపు కావాలన్నాడు. పరుపులాయన దబ్బనం పక్కన పెట్టి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

“పడుకునేవాళ్ళు ఎలాంటివాళ్ళండీ?”

“లాడ్జి కదండీ. వస్తారు, పోతారు. నాకేం తెలుసు?”

“లావా, సన్నమా?”

“లావువాళ్ళొస్తారు, సన్నవాళ్ళొస్తారు. తాగొచ్చినవాళ్ళు మంచం ఉండగా నేల మీద పడుకుంటారు.”

పరుపులాయన కనుబొమ గోక్కున్నాడు. పొగరు కాదు, నిజంగానే దిక్కు తోచక అడిగాడు. “మనిషెవరో తెలియకుండా ఎలా కుట్టనండీ?”

లాడ్జి యజమాని గుమ్మం వైపు చూశాడు. ఆమె అడ్డొచ్చింది.

“ఈయన కుట్టరండీ. మావాళ్ళ చేత నేను కుట్టిస్తాను. ఒకటే కొలత, ఒకటే గుడ్డ. పైవారం బండి పంపండి.”

“అదీ మాటంటే!” అని లాడ్జి యజమాని హాయిగా వెళ్ళిపోయాడు.

పరుపులాయన మళ్ళీ దబ్బనం అందుకున్నాడు.

“వాళ్ళు వంకరగా కుడతారే.”

“దుప్పటి కింద వంకర ఎవడు చూడొచ్చాడు?”

“మరి నేను?” పిల్లాడిలా అడిగాడు.

ఆమె ఆయన వంకా, కుప్పలుగా ఉన్న దూది వంకా చూసింది. వెనక గది ఖాళీ అయితే ఎన్ని దిండ్లు పడతాయో ఆమెకు ఎప్పుడో తెలుసు.

“నువ్వు ఆ డ్రైవరుది కుట్టుకో. నీకోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నంత కాలం కుట్టుకో. గదెక్కడికీ పోదులే.”

ఆయన దగ్గరికి వచ్చాడు. ఆమె భుజం మీది దూది పీచు తీసి, మళ్ళీ కుప్పలో వేశాడు. ఆ పూట అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నమంతా వెనక గదిలోంచి దబ్బనం గుడ్డలో దిగే చప్పుడు వచ్చింది. తరవాత కర్రతో పరుపును చదును చేస్తున్న దెబ్బలు. తరవాత అవీ ఆగాయి. కుట్టడమయ్యాక పరుపు మీద కాసేపు పడుకుని చూడడం ఆయనకు మామూలే కాబట్టి ఆమె దిండ్ల పనిలోనే ఉంది. టీ కాచి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచి, విసుక్కుంటూ గ్లాసు పట్టుకుని వెళ్ళింది.

ఆయన ఆ డ్రైవరు పరుపు మీద, చేతులు రెండూ పక్కన పెట్టుకుని, వెల్లకిలా ఉన్నాడు. దబ్బనం చొక్కాకు గుచ్చి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. నుదుటి మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు. ఆ తరవాత, ఆయనకు గుచ్చుకుంటుందేమోనన్నట్టు నెమ్మదిగా దబ్బనం ఊడదీసింది.

సాయంత్రానికి వీధంతా చేరింది. అన్న వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నలుగురూ కలిసి పరుపులాయన్ని ఇంటికి మోసుకెళ్ళారు. కొట్టు మూసేద్దామని భార్య అన్నతో, ఇస్త్రీ కొట్టావిడతో వెనక్కి వచ్చేసరికి డ్రైవరు నడుము మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. సంగతి దారిలోనే తెలిసిందట. దూది గదిలోకి వంగి చూశాడు. కొత్త పరుపు మీద భుజాలు ఆనినచోట, తుంటి ఆనినచోట పల్లం ఇంకా లేవలేదు.

“బండి తెచ్చాను, పట్టుకెళ్తాను” అన్నాడు.

ఇస్త్రీ కొట్టావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు నాయనా, మనిషి ప్రాణం పోయిన పరుపు అది. ఇంకోటి కుట్టించుకో.”

“కుట్టేదెవరు?” అన్నాడు డ్రైవరు.