ఏదీ, ఊదు

మణికంఠ నోరు విప్పితే వీధి వీధంతా నవ్వాల్సిందే. గంగజాతరలో పలకలు మోగాయంటే అతని కాళ్లు నిలవవు. అలాంటివాడు తాగడంటే పుంగనూరులో ఎవరు నమ్ముతారు? కన్నతల్లి రత్నమ్మే నమ్మలేదు. రోజూ సాయంత్రం గడప దగ్గర నిలబెట్టి, అతని భార్య ప్రమీల చూస్తుండగానే, "ఏదీ, ఊదు" అనేది. జన్మలో చుక్క ముట్టని మనిషి నవ్వుతూనే ఊదేవాడు. వాసన రాకపోతే, సోంపు నమిలి వచ్చాడనుకునేది ఆ తల్లి.

తమ్ముడు మునిచంద్ర తలెత్తి మాట్లాడడు. వాణ్ని ఏనాడూ ఊదమనలేదు. టమాటాలు మదనపల్లె మార్కెట్‌కు తోలే టెంపో తాళం కూడా వాడి చేతికే ఇచ్చింది.

వాడి సంగతి మణికంఠ ఒక్కడికే తెలుసు. కుప్పంలో గ్రానైట్ పనికి పోయినప్పుడు పట్టుకున్న అలవాటు. "రెండు గుక్కలు పడితే గానీ మండీలో నాకు నోరు లేయదన్నా. అమ్మకు చెప్పొద్దు" అని కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. బండి తోలేటప్పుడు ముట్టనని ఒట్టు వేయించుకుని, మణికంఠ ఊరుకున్నాడు.

మొన్న మదనపల్లె రోడ్డులో టెంపో కాలవలోకి ఒరిగింది. మునిచంద్రకు దెబ్బ తగల్లేదు గానీ టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. తల్లీ, పెద్దకొడుకూ ఆటోలో వెళ్లేసరికి పోలీసాయన వాడి చేత మిషన్లో ఊదిస్తున్నాడు. మిషను కీచుమంది.

రత్నమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకిది నేర్పించినోడు ఎవుడ్రా?"

మునిచంద్ర తలెత్తలేదు. "అన్న" అన్నాడు.

మణికంఠకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని కాపాడితే, ఒక్క మాటతో గొంతు కోశాడు! విసురుగా పోలీసాయన దగ్గరికి పోయి, "నాకూ పెట్టండి సార్" అన్నాడు. ఊపిరంతా పట్టి ఊదాడు. సున్నా చూపించింది.

"సూడుమ్మా, బాగా సూడు."

రత్నమ్మ చూసింది. "ఈ పొద్దు తాగలేదంతే. దానికేముండాది?" అంది. చిన్నకొడుకు ముఖం కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రం మణికంఠ ఇంటి ముందు ఆగి, "ప్రమీలా, బట్టలు సర్దు. మీ అమ్మోళ్లింటికి పోదాం" అన్నాడు.

"యాడికి పోతాండావు?" రత్నమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఏదీ, ముందు ఊదు."

అతను ఊదలేదు. నవ్వలేదు. ప్రమీల సర్దుకుని తెచ్చిన సంచి అందుకుని, ఆమెతో కలిసి నడిచాడు. వీధి మలుపు తిరుగుతుంటే, పక్కింటామెతో తల్లి అంటున్న మాట వినిపించింది.

"సూస్తివా? నోరు తెరవడు. ఈ పొద్దు తాగే ఉండాడు."