బిగిసిన చక్రము

వైశాఖమాసమున నొకనాటి యుదయమున, రాత్రి కురిసిన యకాలవర్షముచే కడుగబడిన కొండకొమ్ములపై పొగమంచు తెరలు తెరలుగా విడివడుచుండ అడ్డాకుపొదల పచ్చివాసనను మోసికొని లోయలనుండి చల్లగాలి పైకెగయుచుండ, పాడేరు కనుమదారి మలుపు కడ ఇరువదియేండ్ల నాటి మోటారుసైకిలొకటి ముందునకును వెనుకకును కదలక నిలిచియుండెను. దాని చెంత యజమానుడు ముత్యాలునాయుడు మోకాళ్లపై కూలబడియుండెను. అతని కూతురు గౌరీశ్వరి హాల్‌టిక్కెట్టును గుండెలకదుముకొని మాటిమాటికి గడియారమును చూచుచుండెను.

పదిగంటలకు చోడవరమున నర్సింగు ప్రవేశపరీక్ష. నిమిషమాలస్యమైనను ద్వారము మూయబడును. ఈ యొక్కమారు మాత్రమే పరీక్షకు పంపెదనని తండ్రి యొప్పుకొనియుండెను. మరుసటి యేటికి మాట యీయలేదు. అప్పటికి ఏడున్నర దాటినది.

ఈ దుర్గతికి దోషము యంత్రముది కాదు, నాయుని పొదుపుది. చక్రపుడ్రమ్మును లోపలనుండి యొత్తి యాపు వెనుక బ్రేకు షూలు అరిగినపుడెల్ల వానిని మార్చుటకు బదులు బ్రేకుకడ్డీ చివరి నట్టునొక చుట్టు బిగించి మరియొక నెల గడిచినదని మురియుట యాతని యాచారము. కొనిన క్రొత్త షూలు ఆరుమాసములుగా ప్రక్కపెట్టెలో కాగితపుచుట్టయందు కాపురముండెను. మెకానిక్కు మొత్తుకొనెను, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనుచు నాయుడు వినలేదు. ఆ యుదయము మలుపు దిగుచు గట్టిగా త్రొక్కగా, అరిగి పలుచనైన షూలను విప్పార్చు ఇనుపబిళ్ల మితిమీరి తిరిగి అడ్డముపడి మరల వెనుకకు రాదయ్యెను. చక్రము బిగుసుకొనెను.

సంతకు పోవు జీపొకటి యాగెను. పసుపుమూటల నడుమ కూర్చున్న ముదుసలి తల బయటపెట్టి పిలిచెను.

"పిల్లనెక్కించీ బాబూ, నా పక్కన కూకుంటాది."

"ఒద్దమ్మా. ఆడపిల్లనొక్కదాన్ని ఎలా పంపుతాను? పది నిమిషాల్లో అయిపోద్ది."

జీపు సాగిపోయెను. గౌరీశ్వరి కన్నులలో నీరు నిండెను.

ఆ పది నిమిషములు నలువదియైనవి. ఇరుసు లాగి చక్రము నూడదీసినను లోపల విప్పారిన షూలు డ్రమ్మును కరచిపట్టుకొనుటచే అవి బిగించిన మూతపళ్లెము వెలికి రాదు. నాయుడు రాతితో కొట్టి, రెంచితో పెకలించి, వ్రేళ్లు చిట్లి, కుడితిలో పడిన యెలుకవలె తన్నుకొనుచుండెను. దిగుటకు బ్రేకు లేదు, నడచిపోవుటకు వ్యవధి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"నాన్నా, ఎనిమిదిన్నరవతంది."

"తెలుసమ్మా."

తెలియుననుటకంటె నతడు చేయగలిగినదేమియు లేదు.

తుదకు నల్లని పొడి రాల్చుచు పళ్లెము వెలువడిన క్షణముననే రెండవ జీపు వచ్చెను. ఎరిగిన ముఖమొక్కటియు లేదు, చివరి బల్లపై జానెడు చోటు మాత్రముండెను. గౌరీశ్వరి చేయెత్తి దాని నాపెను.

"నేనెల్తాను నాన్నా."

అది యడుగుట కాదు, చెప్పుట. నాయుడు చివాలున లేచి యడ్డుపోబోయి, గడియారము చూచి ప్రక్కకు తొలగెను.

"డ్రైవరుబాబూ, పిల్ల పరీచ్చకెల్తంది. మెల్లగా... కాదు కాదు, బేగి పట్టికెల్లు!"

పిమ్మట నతడొంటరియై పనిలో మునిగెను. డ్రమ్ములోని పొడి తుడిచి, క్రొత్త షూలకు స్ప్రింగులు రెండును తగిలించి, తెరచిన పుస్తకమువలె మడిచి పట్టి, చమురుచేతులు వాని యంచున సోకకుండ పళ్లెముపై నొత్తగా నవి టక్కున కుదురుకొనెను. చక్రమెక్కించి, గొలుసు సరిచూచి త్రొక్కగా బ్రేకు మెత్తగా పట్టెను. ఆర్నెల్లు వాయిదావేసిన పని చక్రము విడివడిన తరువాత అరగంటలో ముగిసినందుకు సిగ్గుపడుచు నతడు కనుమ దిగెను.

చోడవరము చేరునప్పటికి పదిగంటల యిరువది నిమిషములు. ఇనుపద్వారము మూయబడియుండెను. ఆలస్యముగా వచ్చిన పిల్లలు పదిమంది వరకు కావలివానిని బ్రతిమాలుచు, ఏడ్చుచు బయటనే నిలిచియుండిరి. నాయుడు వారిలో నొక్కొక్క ముఖమును వెదకెను. చెట్టు నీడను చూచెను, టీదుకాణము వెనుకను చూచెను, మరల మొదటినుండి చూచెను. గౌరీశ్వరి లేదు. ఎచ్చటను లేదు.

అతడు గోడకానుకొని కూలబడి బిగ్గరగా నేడ్చెను. కూతురు ద్వారము వెలుపల కంటబడనందుకు సంతసించుట ఆ తండ్రికి జన్మమున నదియే మొదటిసారి.