ఇరవై యొమ్‌కస్త్

సాతర్‌కుల్ పెదనాన్న తోటకు కాలువ నీళ్ళ వంతు మధ్యాహ్నం పన్నెండు దాకానే. అది దాటితే మళ్ళీ తొమ్మిది రోజులకు. జూన్ ఎండకు మూడు వందల ఆప్రికాట్ మొక్కలు అంతదాకా బతకవు. వాటికి అంటు కట్టింది ఆయన భార్య ఐజమాల్. కట్టిన నెలకే ఆమె పోయింది.

పదింటికి నేను వెళ్ళేసరికి నీళ్ళు తోడే మోటారు తిరగకుండా ఊరికే మూలుగుతోంది.

"కాలిపోయిందమ్మా, బురుల్‌కాన్. పట్నం నుంచి మెకానిక్‌ని పిలవాలి," అన్నాడు పెదనాన్న.

"మెకానిక్ మీ ఎదురుగానే ఉంది పెదనాన్నా, కాస్త కళ్ళు తెరిచి చూడండి."

బాత్కెన్‌లో ఇరవై రెండేళ్ళుగా మోటార్లు చుడుతున్నాను. మూలుగు వింటే జబ్బు చెప్పేస్తాను. కరెంటు ఆపి ఇరుసు తిప్పితే తేలిగ్గా తిరిగింది. కాలిన వాసన లేదు. పక్కనున్న కండెన్సర్ మాత్రం ఉబ్బి పగిలింది. రెండు పల్చటి రేకుల మీద విద్యుత్తును నింపుకుంటూ, వదులుతూ, మోటారుకు మొదటి తోపు ఇచ్చేది అదే.

బజారులో ఉన్న మా మరిది మైరంబెక్‌కు ఫోన్ చేశాను. "ఇరవై యొమ్‌కస్త్ ఒకటి పట్టుకురా, పరుగున."

మోటారు పని చేసేవాళ్ళకు ఆ రష్యన్ మాటంటే కండెన్సర్‌లో పట్టే విద్యుత్తు, మైక్రోఫారడ్లలో లెక్క. మిగతా లోకానికి డబ్బా. పదకొండింటికి మా వాడు ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చంకన పెట్టుకుని దిగాడు.

"మూత కూడా గట్టిది వదినా," అన్నాడు గర్వంగా.

తిట్టడానికి కూడా టైము లేదు. పెదనాన్న మొహం వాడిపోయింది.

"వదిలెయ్యమ్మా. మళ్ళీ బజారుకెళ్ళి వచ్చేసరికి వంతు అయిపోతుంది."

"ఎవరు వదిలేస్తారు? కొట్టంలో మీ పాత వాషింగ్ మెషిన్లు రెండున్నాయిగా, పదండి."

ఒక్కోదాంట్లో పది మైక్రోఫారడ్ల కండెన్సర్ దొరికింది. మైరంబెక్ ఒకదాని చివరకు రెండోదాన్ని కట్టబోయాడు.

"అలా వరసగా కడితే ఐదే అవుతుందిరా. పక్కపక్కన పెట్టి, ఇటు తీగ కాళ్ళు ఇటు, అటు తీగ కాళ్ళు అటు కలుపు. పదీ పదీ ఇరవై."

"నిజంగా కలుస్తాయా వదినా?"

"నీ డబ్బాలు రెండు పక్కపక్కన పెడితే నలభై లీటర్లు పట్టవూ?"

పదకొండుంబావుకు స్విచ్ వేశాను. మోటారు ఒక్కసారి వణికి, ఊపందుకుంది. గొట్టంలోంచి బురద నీళ్ళు దూకాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెదనాన్న పార పట్టుకుని నీళ్ళకు ముందే పరుగెత్తాడు, డెబ్భై ఏళ్ళ మనిషి. ఒక్కో పాదు గండి తెరుస్తూ, ఒక్కో మొక్క దగ్గరా వంగి చూస్తూ పోయాడు. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా నీళ్ళు ఆఖరి వరుసకు చేరాయి. ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"తాగుతున్నాయే ఐజమాల్," అన్నాడు. "అన్నీ తాగుతున్నాయి."