బయటి గడియ

దారం తెగింది. సుశీలాబాయి ఎడమచేత్తో కండె ఆపి, కొసను నాలుకతో తడిపి, ముడివేసి మళ్లీ వదిలింది. గోడ అవతల సాంచాలు, అవే కరెంటు మగ్గాలు, దడదడలాడుతున్నాయి. నార్పోలిలో పాతికేళ్లుగా వాటి పక్కనే బతికి ఆమెకు సగం చెవుడు వచ్చింది. గుసగుసలు కూడా అరిచి చెబుతుంది కాబట్టి ఆ వరుసగదుల చాల్‌లో ఎవరూ ఆమెకు రహస్యాలు చెప్పరు. ఎదుటివాళ్ల మాట మాత్రం పెదవులు చూసి పట్టేస్తుంది.

ఎదుటి గడపలో రామవ్వ చెయ్యెత్తింది. ఆమె కూతురు పూనం, రెండో తరగతి పిల్ల, అన్నం డబ్బా కింద పెట్టి గోడకు అతుక్కుపోయింది.

"మీ నాహీ జాణార్!" పోనని బడిలో నేర్చిన మరాఠీలో అరిచింది.

"అంకుశం చిన్నాయనకు బువ్వ ఇచ్చి వచ్చుడుకు ఏం రోగమే నీకు? రోజూ పోతలేవా?"

అంకుశం చివరి గదిలో ఉంటాడు. రాత్రంతా సాంచాల మీద పని, పగలు నిద్ర. రామవ్వ ఊరివాడు. ఆ ఒక్క అర్హతకే చాల్ అంతా అతన్ని పిల్లలకు చిన్నాయనను చేసేసింది.

సుశీలాబాయి వచ్చి రామవ్వ చెయ్యి పట్టుకుంది. పిల్లను తన కండెల దగ్గర కూర్చోబెట్టుకుంది.

"గట్టిగ చెప్పకు బిడ్డా. పెదవులు కదుపు, సాలు." ఆ మాట తనూ చప్పుడు లేకుండానే అంది.

పూనం పెదవులు కదిలాయి. "గడియ పెడతడు. ముట్టుకుంటడు. అమ్మకు చెప్తె అమ్మ నిన్నే కొడతదన్నడు."

"నీ తప్పేం లేదు బిడ్డా."

సుశీలాబాయి చెప్పిన సంగతి విని రామవ్వ కూలబడింది.

"మనూరోడక్కా... నలుగురికి తెలిస్తె పరువు పోదా?"

"పోతె పోనీ. పిల్ల కంటె ఎక్కువనా?"

"నలుగురం కలిసి తంతె ఊరికి పారిపోతడు."

"ఊర్ల పిల్లలు లేరానే?"

రామవ్వ పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

సుశీలాబాయి పక్క గది ప్రేమమ్మను ఆటోలో పోలీసు ఠాణాకు పంపింది. చివరి గదికి వెళ్లింది. లోపల అంకుశం మంచి నిద్రలో ఉన్నాడు. తలుపు మూసి, బయటి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

కాసేపటికి దెబ్బలు మొదలయ్యాయి. అవి ఆమెకు వినబడలేదు, వీపుకు తెలిశాయి. సాంచాల హోరులో మిగతావాళ్లకూ వినబడలేదు. ఇన్నాళ్లూ లోపలి సంగతి బయటికి వినబడనట్టే. గడియ మేకులు ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెం బయటికి వస్తున్నాయి. ఆమె కాళ్లు నేలకు తన్నిపెట్టింది. ముసలి నడుము, పాత తలుపు. ముందు ఏది విరుగుతుందో చెప్పడం కష్టమే.

అప్పుడు ఒక భుజం ఆమె భుజాన్ని ఒరుసుకుంది. రామవ్వ. పక్కన కూర్చుని తనూ వీపు ఆనించింది.

"పూనం?"

"ప్రేమమ్మోళ్ల అత్త దగ్గరున్నది. నువ్వు జరుగక్కా జర."

పొద్దుగూకే వేళకు జీపు వచ్చింది. అంకుశం పోలీసుల మధ్య తల వంచుకుని, వట్టి కాళ్లతో నడిచిపోయాడు.

గడప పక్కన అతని తోలు చెప్పులు మిగిలాయి, నిద్రలేచి తొడుక్కోవడానికి వీలుగా బయటివైపు తిప్పి, ఒకదాని పక్కన ఒకటి.