సగంలో ఆగిన ప్రదక్షిణం

జయనామ సంవత్సరం కార్తీక పౌర్ణమినాడు, సోమన్నకొండకు ప్రదక్షిణం చేస్తూ మా తమ్ముడు గణపతిరావు దారిలో కూలిపోయాడు.

చీడికాడ దాటిన తర్వాత, పొలాలు ముగిసి కొండలు మొదలయ్యే చోట ఉంది సోమన్నకొండ. ఏటా కార్తీకంలో దానికి ప్రదక్షిణం చేయడం మా ఇంటి ఆచారం. తూర్పున ఉన్న గుడి మెట్టుకు మొక్కి, కొండను కుడిచేతి వైపు ఉంచుకొని బయలుదేరాలి. దక్షిణంగా తిరిగి, పడమట పారే గెడ్డను దాటి, ఉత్తరపు అంచున నడిచి, మళ్లీ ఆ మెట్టును ముట్టాలి. గణపతిరావు గెడ్డ దాటాడు. ఒడ్డున ఏనుగు పడుకున్నట్టుండే నల్లరాయి దగ్గర అతని ఎడమకాలు అతని మాట వినడం మానేసింది. బండిలో పడుకోబెట్టి చోడవరం తీసుకువచ్చాము. ప్రాణం నిలిచింది గాని, ఎడమ భాగమంతా పక్షవాతానికి చిక్కింది. మాట ముద్దగా, నెమ్మదిగా వచ్చేది.

ఆ ఏడాదంతా అతనికి రోగం మీద కంటె ఆ ప్రదక్షిణం మీదనే దిగులు.

“సగం తిరిగి ఒగ్గీసినోణ్ణన్నియ్యా! సామికి దణ్ణం ఎట్టబోయి సేతులు దించేసినట్టుంది,” అనేవాడు.

మా ఇంట పుస్తకాలు తిరగేసిన బడిపంతులుని నేను. శరీరం సహకరించనప్పుడు మనసుతో చేసిన పూజను భగవంతుడు స్వీకరిస్తాడని, కళ్లు మూసుకొని మిగిలిన దారి నడవమని చెప్పాను. ప్రయత్నించాడు. ఒకనాడు నేను వెళ్లేసరికి చంటివాడిలా ఏడుస్తున్నాడు.

“నల్లరాయి దాకా వొస్తన్నాను. ఆపైన దారి కనపడదు. ఇన్నేళ్లు నడిసిన దారి గేపకం రాదేటన్నియ్యా?”

రోగం కాలూ చెయ్యీ మాత్రమే తీసుకొని ఊరుకోలేదన్నమాట. ఆ దారిని కూడా అతని లోపలినుంచి తుడిచివేసింది.

ఆ మాట విన్న అతని కొడుకు పెదబాబుకు ఒక ఉపాయం తోచింది. అతడు అనకాపల్లి బెల్లం బజారులో గుమాస్తా. అక్కడ ఫోటోలు తీసే షరీఫుద్దీన్‌తో స్నేహం ఉంది.

“నాన్నా, మిగిలిన దారంతా ఫోటోలు తీసి తెస్తాను. వొరసగా సూసుకుంటా నడిసేద్దువుగాని,” అన్నాడు.

గణపతిరావు నా ముఖం వైపు చూశాడు. మనసుకు కళ్లు సాయం చేస్తే దోషం లేదన్నాను. అతని ముఖంలో ఏడాదిగా కనిపించని వెలుగు కనిపించింది.

“అయితే మనుసులొద్దురా బాబూ. మనుసులుంటే ఆల్నే సూస్తాను గాని కొండని సూడను. దారీ, కొండా... అంతే.”

మన్మథనామ సంవత్సరం కార్తీకం వచ్చింది. పౌర్ణమినాడైతే జనం ఉంటారని దానికి ముందే ఒకనాడు తెల్లవారుజామున బయలుదేరాము. గణపతిరావు భార్య అప్పలనరసమ్మ భర్తను విడిచి రాలేదు. బండిలో నేను, మా అక్క అచ్చియ్యమ్మ, గణపతిరావు కూతురు చిన్నమ్మి ఉన్నాము. పెదబాబు బండి తోలాడు. కెమెరాను చిన్నమ్మి దేవుడి పెట్టెలా ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

అది షరీఫుద్దీన్ ఎరువిచ్చిన నల్లని పెట్టె. ముందువైపు ఒక గాజుకన్ను, పైన అగ్గిపెట్టెంత అద్దం. పెట్టెను పొట్టకు ఆనించుకొని, తల వంచి ఆ అద్దంలోకి చూస్తే ఎదుటనున్నది కనిపిస్తుంది. ఎండ వీపున ఉండాలనీ, మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలనీ షరీఫుద్దీన్ చెప్పి పంపాడు. రీలుకు ఎనిమిది బొమ్మలే.

చెరకు తోటల మధ్యనుంచి, కోతకు వచ్చిన వరిచేల మధ్యనుంచి బండి సాగింది. దూరాన కొండలు మొదట పొగవలె, తరువాత నీలంగా, దగ్గరకు వచ్చేసరికి చెట్టు చెట్టుగా విడివడి కనిపించాయి. ఒక మనిషి మరచిన దారిని మోసుకురావడానికి పోతున్నామన్న ఎరుక మా అందరి మీదా బరువుగా ఉంది.

నల్లరాయి దగ్గర పెదబాబు దారి మధ్యన నిలిచి, గుడికి పోయే దారి వైపు తిరిగి, పెట్టెను పొట్టకు ఆనించుకున్నాడు. అచ్చియ్యమ్మ అతని భుజం మీదుగా అద్దంలోకి తొంగిచూసి కేక పెట్టింది.

“ఆగరా! కొండ ఎడం పక్కకొచ్చీసిందిరా!”

అందరమూ చూశాము. నిజమే. మా కుడిచేతి వైపు నిలువెత్తుగా ఉన్న కొండ ఆ చిన్న అద్దంలో ఎడమవైపున ఉంది.

“కొండ ఎడంపక్కుంటే అప్రదక్షిణం గాదేట్రా? సచ్చినోళ్ల కాడ తిరుగుడది! మీ బాబుకి ఆ తిరుగుడు తిప్పుతావేటి?”

పెదబాబు తన మీద తాను గిరుక్కున తిరిగి, వచ్చిన దారి వైపు నిలబడ్డాడు. అద్దంలో కొండ కుడివైపుకు వచ్చింది.

“ఇప్పుడు సూడత్తా.”

“ఆఁ, అలగుండాలి! ఇంక అలగే నడు,” అంది అచ్చియ్యమ్మ, రెండు చెంపలూ వాయించుకుంటూ.

మాకందరికీ మనసు కుదుటపడింది. గుడి దారిన కొంతదూరం నడవడం, వెనుదిరగడం, అద్దంలో కొండ కుడివైపున ఉన్నదని సరిచూసుకోవడం, మీట నొక్కడం. ఉత్తరపు అంచుకు వచ్చాక తూర్పునుంచి వచ్చే ఎండ కూడా చెప్పినట్టే వీపున పడింది. ఇంకేమి సందేహం?

చిక్కంతా అచ్చియ్యమ్మతోనే వచ్చింది. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే మనిషి కాదు.

“అత్తా, నీ కొంగు పడతంది! ఇటొచ్చీ!” అని చిన్నమ్మి చెయ్యి పట్టి లాగింది.

“నా కొంగుకేటొచ్చిందే గుంటా? పడితే కొండే మురిసిపోతాది.”

“నాన్న మనుసులొద్దన్నాడు.”

“నేను మనిసినేటే, మీ నాన్నకి అక్కని!” అంటూనే పక్కకు తప్పుకొని, ముఖం అటు తిప్పి, కళ్లు తుడుచుకుంది.

గుడి దగ్గరకు చేరేసరికి ఒక్క బొమ్మ మిగిలింది. గుడిని పెట్టెతో పట్టకూడదని అర్చకులు అన్నారు. పెదబాబు క్రింది మెట్టు మీద నిలబడి, నడిచివచ్చిన దారినే చివరిసారిగా తీశాడు.

కొన్నాళ్లకు పెదబాబూ నేనూ అనకాపల్లి వెళ్లాము. షరీఫుద్దీన్ కాగితపు సంచిలోనుంచి బొమ్మలు తీసి బల్ల మీద వరుసగా పరిచాడు. చక్కగా వచ్చాయి. ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు. అయితే ఎనిమిదింటిలోనూ కొండ ఎడమవైపునే ఉంది.

“తిరగేసి ఏసేవు సాయిబూ!” అన్నాడు పెదబాబు.

షరీఫుద్దీన్ ఫిల్మును వెలుగుకు ఎత్తి చూశాడు. “లేదు బాబూ, సరిగ్గానే ఏసేను. పైనున్న అద్దముంది సూడు, మన ఇంట్లో మొకం సూసుకునే అద్దం లాంటిదే. కుడిని ఎడం సేసి సూపిస్తాది. బొమ్మ మాత్రం ఉన్నదున్నట్టే పడతాది.”

“ఆ మాట ముందే సెప్పలేదేటి?”

“కొండ ఏ సేతి పక్కనుందని అడిగినోణ్ణి నేనింతవరకు సూడలేదు బాబూ!”

విషయమంతా విని అతడు ఫిల్మును మెల్లగా బల్ల మీద పెట్టాడు. తరువాత నా వైపు తిరిగి, “పంతులుగారూ, ఫిల్ము తిరగేసి మళ్లీ అచ్చు ఏస్తాను. కొండ కుడిపక్కకొచ్చేస్తాది. ఆయనకి దారి గేపకం లేదంటన్నారు గదా, తెలీదు,” అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. మళ్లీ వెళ్లి తీద్దామంటే తుపాను వానలకు గెడ్డ పొంగింది, బండి పోదు. గణపతిరావు అన్నం మానేసి అప్పటికే పాలతో ఉన్నాడు. తిరగేస్తే తమ్ముడికి శాంతి. కాని అందులోని కొండ సోమన్నకొండ కాదు, లోకంలో ఎక్కడా లేని కొండ. లేనిదాని చుట్టూ తిరిగినవాడు ఏ మెట్టు దగ్గరకు చేరతాడు? ఏమీ తేల్చుకోలేక, ఉన్న బొమ్మలతోనే ఇంటికి వచ్చాను.

వాకిట్లోనే అచ్చియ్యమ్మకు సంగతి చెప్పవలసి వచ్చింది. ఆమె కూలబడిపోయింది.

“తిరగేయించుకు రారా. పోయేవోడికి నిజమేటి, అబద్ధమేటి?”

అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి వింటున్నది. నా ఎదుట ఎన్నడూ గొంతెత్తని మనిషి.

“వొద్దు బావగారూ. బాగయిపోతాది, బాగయిపోతాది అని ఏడాదై అబద్ధం సెప్తన్నాను. ఇంకోటి నాకు సేతకాదు. ఉన్నదే సూపించండి.”

లోపలికి వెళ్లాము. అప్పలనరసమ్మ భర్తను లేవదీసి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. జరిగినదంతా దాచకుండా చెప్పి, మొదటి బొమ్మ అతని కుడిచేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు.

“ఎడం పక్కుంది,” అన్నాడు.

“అవును నాయనా.”

“అప్రదక్షిణం.”

అచ్చియ్యమ్మ మంచం కోడు పట్టుకొని, “నాదే తప్పురా తమ్ముడూ! నేనే తిప్పేను ఆ గుంటణ్ణి,” అని ఏడ్చింది.

అతని చెయ్యి దుప్పటి మీదికి వాలిపోయింది. కళ్లు మూసుకున్నాడు. బొమ్మలు తీసేద్దామని పెదబాబు చెయ్యి చాపాడు. కళ్లు తెరవకుండానే గణపతిరావు తల అడ్డంగా ఊపాడు. కొంతసేపటికి, “మిగతావి కూడా ఎట్టు,” అన్నాడు.

రెండవది, మూడవది, నాలుగవది ఒళ్లో పరిచాము. రెండవ దానిలో దారి పక్కన నల్లరాయి నిండుగా ఉంది. మూడవ దానిలో మేకంత. నాలుగవ దానిలో అది ఒక చుక్క. అతని వేలు వాటి మీద ముందుకూ వెనక్కీ కదిలింది.

“అన్నియ్యా, రాయి సిన్నదైపోతంది.”

“అవును.”

“దానికేసి నడిస్తే పెద్దదవ్వాలి గదా?”

నేను బొమ్మల మీదికి వంగాను.

“సిన్నదవుతందంటే నాను దాన్ని ఒగ్గేసి ఎల్తన్నాను. గుడికేసే ఎల్తన్నాను. మొకం ఇటుంది, నడక అటుంది!” ఆయాసంతో ఆగాడు. మళ్లీ అన్నాడు. “దర్శనం అయిపోయి గుడిలోంచి వొచ్చేటప్పుడు ఎలగొస్తాం? సామికి ఈపు సూపిస్తామేటి? సూస్తా సూస్తా ఎనకడుగులేసుకుంటా వొస్తాం. అలగే ఎల్తన్నాను. కొండ కళ్లెదటే ఉంది.”

మిగిలిన బొమ్మలు పెదబాబు చేతికి అందించాను.

“ఎట్టు పెదబాబూ. ఆగకు.”

పెదబాబు ఒక్కొక్కటే పెట్టాడు. ఒక్కొక్కదాని దగ్గరా గణపతిరావు ఆగి, ఊపిరి తీసుకొని, తలను కొద్దిగా వెనక్కి జరిపి, ‘ఊఁ’ అన్నాడు. గెడ్డ కనుమరుగైంది. తాటిచెట్ల వరుస వచ్చింది, దూరమైంది. ఉత్తరపు అంచున కొండ నీడ, దాని పక్కన ఒంటరిగా దారి. ఆ దారి మీద ఎవరూ లేరు.

చివరిది పెట్టినప్పుడు పెదబాబు, “కింది మెట్టు మీద నించుని తీసేను నాన్నా,” అన్నాడు.

గణపతిరావు చాలాసేపు దానినే చూస్తూ ఉండిపోయాడు. నడిచివచ్చిన దారంతా, కొండ అంచూ, దాని వెనుక ఆకాశమూ అతని ఒళ్లో ఉన్నాయి. తరువాత అతని కుడిచెయ్యి లేచి నుదుటిని తాకింది. రావలసిన రెండవ చెయ్యిని చిన్నమ్మి పట్టి దానికి జత చేసింది.

“ఈపుకి మెట్టు తగిలిందన్నియ్యా,” అన్నాడు.

అప్పలనరసమ్మ అతని వీపు క్రింద చెయ్యి వేసి, మెల్లగా దిండు మీదికి వాల్చింది.